అతుకు లేని గరిటె

2025 జూన్ 6, శుక్రవారం, ఉదయం పదకొండు గంటలు. ఆత్మకూరులో ఎవరూ బస చేయని ఒక పాత బంగళా. హాజరైనవారు ముగ్గురు: విభాగాధిపతి పెంచలనరసయ్య, ఏజెంట్ దయాసాగర్, ఒక వైద్య కళాశాలలో అధ్యాపకురాలిగా నాలుగేళ్లుగా కవర్‌లో ఉన్న ఏజెంట్ సుకుమారి. మినిట్స్ రాయలేదు.

మన ప్రయోగశాల ఒకటి పాముకాటుకు చౌకలో దొరికే కొత్త మందు తయారుచేసిందనీ, దాని ఫార్ములా ఉన్న చిప్ మాయమైందనీ పెంచలనరసయ్య చెప్పాడు. నార్త్ డెస్క్ అనే విదేశీ ముఠా దాని కోసం కాచుకుని ఉంది. వాళ్ల సందేశం ఒకటి చేజిక్కింది: సరుకు ఉదయగిరి నుంచి తెల్లకోటుతో బయలుదేరుతుంది.

తెల్లకోటు ఎవరిదో వెతకనక్కరలేకపోయింది. ఉదయగిరికి చెందిన కృపారాణి ఎంబీబీఎస్ చివరి సంవత్సరం విద్యార్థిని. నాలుగు వారాల శిక్షణ కోసం ఇరవై ఏడో తేదీన వియన్నాలోని ఒక ఆస్పత్రికి వెళ్తోంది.

"ఆ పిల్ల నా స్టూడెంటే," అంది సుకుమారి నల్లకళ్లద్దాలు తీస్తూ. "ఆస్పత్రికి హామీపత్రం సంతకం చేసింది కూడా నేనే. నాకు అనుమానం లేదు. కానీ చూడటం మన పని." ఆమె ఒక పెన్ను దయాసాగర్ వైపు జరిపింది. అది స్కానర్. చిప్ జానెడు దూరంలో ఉంటే కొస ఎర్రబడుతుంది.

కోడ్ క్లుప్తంగా తేలింది. సామాను శుభ్రంగా ఉంటే 'మబ్బు విడిపోయింది'. లేకపోతే 'వాన పడేట్టుంది'. రెండో సందేశం వచ్చినా, ఏ సందేశమూ రాకపోయినా చెన్నై విమానాశ్రయంలో ఆమెను పట్టుకుంటారు.

"పట్టుకుంటే ఆ అమ్మాయి చదువు?" అన్నాడు దయాసాగర్.

"అక్కడితో సరి," అన్నాడు పెంచలనరసయ్య, రేపటి ఎండ సంగతి చెబుతున్నట్లు.

మెట్లు దిగుతూ సుకుమారి అతని చొక్కా కాలరు సవరించింది. ఈ మిషన్ ముగియగానే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్దామంది. ఆరేళ్లుగా ఆ మాట కోసమే బతికిన మనిషి ఇక మరో ప్రశ్న వేయలేదు.

మర్నాడు దయాసాగర్ బెంగళూరు హస్తకళల వ్యాపారి యేసుబాబుగా ఉదయగిరిలో బస్సు దిగాడు. కోట ఉన్న కొండ కింద, మూడో వీధిలో, కృపారాణి అవ్వ లిదియమ్మ వసారాలో చాప మీద కూర్చుని, ఆ కొండ మీద దొరికే నర్ది చెక్కతో గరిటెలు చెక్కుతోంది. మనవరాలు వియన్నాలో పెద్ద డాక్టర్లకు ఇవ్వడానికి డజను గరిటెలు. కాడల మీద ఒకే ఆకు, పన్నెండుసార్లు. ఈ ఊరి నుంచి ఎవరు దూరదేశం వెళ్లినా చేతిలో ఇవే ఉంటాయి.

సరుకు ఎలా తయారవుతుందో చూసి కొంటానన్నాడు యేసుబాబు. చూడటానికి ఎదురింటి గదిలో దిగి, భోజనానికి ఈ ఇంటికే వస్తూ, మూడు వారాలు తీసుకున్నాడు. లిదియమ్మ అతనికి సంగటి పెట్టింది, పని నేర్పింది. పూర్తయిన ప్రతి గరిటెనూ ఆమె కళ్లు మూసుకుని, గుంట నుంచి కాడ కొస దాకా బొటనవేలితో తడిమేది.

"కన్ను మోసపోతాది నాయనా, ఏలు మోసపోదు. మన గరిటె ఒకే చెక్క. అతుకేస్తే అది గరిటె కాదు, అబద్ధం."

కృపారాణి అతన్ని ఆటపట్టించేది. "ఇన్నాళ్లయింది, ఒక్క గరిటన్నా కొన్నావా యేసన్నా? ఏం యాపారం నీది? మా అవ్వ సంగటికే గిరాకీ ఎక్కువైనట్టు ఉండాది." అతను నవ్వేవాడు. ఆమె బయటికి వెళ్లగానే ఆమె పుస్తకాల మీద పెన్ను తిప్పేవాడు. పెన్ను ఒక్కనాడూ ఎర్రబడలేదు. అతని మొహం మాత్రం, అద్దంలో చూసుకున్నప్పుడు, ఎర్రబడేది.

పదిహేనో తేదీ ఆదివారం సుకుమారి పచ్చపట్టు చీరలో వచ్చింది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. స్నేహితురాలికి చూపిస్తానని డజనులోంచి ఒక గరిటె పట్టుకెళ్లి, మంగళవారం తెచ్చి ఇచ్చింది. గుమ్మంలోకి వచ్చిన పిల్లి సంగతి కూడా రిపోర్టులో రాసే దయాసాగర్ ఇది రాయలేదు. తన మనిషి మీద రిపోర్టు రాసే అలవాటు అతనికి లేదు.

ఇరవై ఏడో తేదీ ఉదయం తొమ్మిది గంటలు. గుమ్మం ముందు కారు. కృపారాణిని విమానం ఎక్కించడానికి సుకుమారి స్వయంగా వచ్చింది. గరిటెల పెట్టె మీద దయాసాగర్ చివరిసారి పెన్ను తిప్పాడు. ఎరుపు లేదు. జేబులో ఫోను మీద 'మబ్బు విడిపోయింది' అని టైపు చేసి, పంపబోతూ ఆగాడు. లిదియమ్మ ప్రయాణ ప్రార్థనకు పిలిచింది. ఆ ఇంట్లో ప్రయాణమయ్యేవారి సామాను మీద చెయ్యి వేసి ప్రార్థించడం ఆచారం. సూట్‌కేసు మీద కృపారాణి చెయ్యి వేసింది. దగ్గరగా ఉన్న పెట్టె దయాసాగర్ వంతుకు వచ్చింది.

అందరూ కళ్లు మూసుకున్నారు. లిదియమ్మ ప్రార్థన పొడుగు. మూత తీసి ఉన్న పెట్టెలో అతని బొటనవేలు, నేర్చిన అలవాటుకొద్దీ, ఒక్కొక్క గరిటెనే తడుముతూ పోయింది. ఒకటి. రెండు. ఆరు. నునుపే నునుపు. ఏడో గరిటె కాడ మీద, ఆకు అంచు వెంట, వెంట్రుకంత గీత గోటికి తగిలింది.

అతను కళ్లు తెరిచాడు. కంటికి ఏ గీతా లేదు. మళ్లీ మూసుకున్నాడు. ఉంది.

పన్నెండింటిలో ఈ ఇల్లు దాటి వెళ్లొచ్చిన గరిటె ఒక్కటే. పెన్ను ఇచ్చిన చెయ్యి, గరిటె తీసుకెళ్లిన చెయ్యి, ఆ రోజు కాలరు సవరించిన చెయ్యి ఒక్కటే. 'వాన పడేట్టుంది' అని పంపినా, ఏమీ పంపకపోయినా ఈ పిల్ల అరెస్టవుతుంది. టైపు చేసిందే పంపితే ఫార్ములా పోతుంది. గరిటె ఇక్కడే, ఇప్పుడే విరగాలి.

"ఆమెన్," అంది లిదియమ్మ.

"ఆలస్యమైంది, పెట్టె ఎక్కించండి," అంది సుకుమారి.

దయాసాగర్ ఏడో గరిటె తీసి మోకాలికేసి కొట్టాడు. కాడ ఆకు అంచు వెంట నిలువునా చీలింది. లోపలి తొర్రలోంచి, సీసపు రేకులో చుట్టిన గోరంత చిప్ చాప మీద పడింది.

"ఏందన్నా ఇది?" అంది కృపారాణి.

సమాధానం సుకుమారి చెప్పింది. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్తోలు వచ్చింది. "అది ఇటు ఇవ్వు, దయా."

కృపారాణి చూపు పిస్తోలు మీద నిలవలేదు. యేసుబాబు మొహం మీదికి తిరిగింది. "దయా ఎవురు?"

ఆ క్షణంలో అతను కదల్లేకపోయాడు. కదిలింది లిదియమ్మ. ఒళ్లో ఉన్న, చెక్క అరగదీసే ఆకురాయితో సుకుమారి మణికట్టు మీద ఒక్కటి వేసింది. పిస్తోలు గరిటెల్లో పడింది.

"నా గరిటెకు అతుకేస్తావటే?" అంది ముసలామె, ఊపిరి ఎగబోస్తూ.

వీధి చివర ఆగి ఉన్న జీపు అప్పుడు కదిలింది. పెంచలనరసయ్య నింపాదిగా దిగాడు. సుకుమారిని ఎక్కించారు. ఆమె దయాసాగర్ వైపు చూడలేదు.

"ఆమె మీద ఆర్నెల్లుగా అనుమానం," అన్నాడు అధికారి.

"నాకు చెప్పలేదు."

"చెబితే నీ మొహం ఆమెకు చెప్పేసేది."

అంటే ఎర ఆ పిల్ల మాత్రమే కాదు. ఆరేళ్ల ప్రేమ కూడా ఆఫీసు లెక్కలో ఒక పరికరమే. దయాసాగర్ ఫోను తీసి 'మబ్బు విడిపోయింది' అని పంపాడు. అది వ్యక్తిగతంగా ఎంత అబద్ధమో, అధికారికంగా అంత నిజం.

కారు ఇంకా ఆగే ఉంది. కృపారాణి కళ్లు తుడుచుకోలేదు. ఫైలులోంచి ఒక కాగితం తీసింది. ఆస్పత్రివారి హామీపత్రం: ఈ విద్యార్థిని గుణశీలాలకు నేను పూచీ. అడుగున సుకుమారి సంతకం. ఇప్పుడు అది చూపితే గేటు దగ్గరే ఆపేస్తారు. ఫైలులో ఖాళీ నకలు ఇంకొకటి ఉంది.

"మూడు వారాలు మా ఇంట్లో తిన్నావు. నా పుస్తకాలన్నీ ఎతికినావు, ఇప్పుడు అర్థమైంది. నా సంగతి నీకంటే ఎవురికి తెలుసు? సంతకం పెట్టు. పెట్టేది నీ అసలు పేరుతో పెట్టు."

"అసలు పేరు రాస్తే నీ సర్వీసు ముగిసినట్టే," అన్నాడు పెంచలనరసయ్య.

దయాసాగర్ జేబులోంచి స్కానర్ పెన్ను తీశాడు. ఆ పెన్ను కనీసం రాస్తుంది. పన్నెండేళ్లుగా రాయని పేరును, ఒత్తులూ గుణింతాలూ తప్పిపోకుండా, నిదానంగా రాశాడు.

లిదియమ్మ కాగితం అందుకుంది. కళ్లు మూసుకుని, ఆ సంతకం మీద మొదటి అక్షరం నుంచి చివరి దాకా బొటనవేలు నడిపింది. ఏమీ తగల్లేదు కాబోలు, మనవరాలి చేతికి ఇచ్చింది.

కృపారాణి దాన్ని నాలుగు మడతలు పెట్టి, తెల్లకోటు జేబులో పెట్టి, కోటును సూట్‌కేసులో అడుగున సర్దింది. పదకొండు గరిటెలు దాని మీద పెట్టింది.

"ఒక గరిట బాకీ పడినావన్నా," అంది కారెక్కుతూ. "చెక్కడం నేర్చుకో. ఎట్టాగూ పని లేదు గదా ఇంక."