నాన్న ఏరిన సామాను

ఆదివారాలు మా మెకానిక్ షెడ్డు తెరవం. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం భోజనాలు కాగానే అన్నయ్యా నేనూ షట్టరు సగం ఎత్తి లోపలికి దూరాం. బయట ముసురు పట్టింది. లోపల డీజిలు, తడి ఇనుము, పాత రబ్బరు కలిసిన వాసన. చిన్నప్పట్నుంచీ మా బట్టలకీ జుట్టుకీ అంటుకున్న వాసన అది.

మధ్యలో స్టాండు మీద నాన్న కారు ఇంజన్ విప్పి ఉంది. ముప్ఫై ఏళ్ళనాటిది. బతికున్నన్నాళ్ళూ ఆ కారు స్టీరింగ్ మమ్మల్ని ముట్టుకోనివ్వలేదాయన. పోయి ఏడాది తిరక్కుండానే, దాన్ని రేస్ ట్రాక్ మీద పరిగెత్తిస్తానని అన్నయ్య పట్టుబట్టాడు.

రోడ్డు మీద తిరిగే ఇంజన్‌కి మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. ట్రాక్ మీద అది గొంతు చించుకుని అరుస్తూనే ఉండాలి. లోపల ఒక్క రాడ్డుకి వెంట్రుకంత పగులున్నా సరే, విరిగి ఇంజన్ గోడని చీల్చుకుని బయటకొస్తుంది. ఆ తర్వాత నడిపేవాడి అదృష్టం. అందుకే బిగించడం కన్నా సామాను ఏరడం కష్టం.

నాన్నది ఒకటే పద్ధతి. ముక్కని వేలాడదీసి చిన్న సుత్తితో తట్టేవాడు. ఖంగుమని మోగి ఆ మోత సాగితే మంచి సరుకు. చప్పగా టప్పుమంటే లోపల పగులున్నట్టు. ఇక దాన్ని మళ్ళీ చూసేవాడు కాదు, తుక్కులోకి విసిరేసేవాడు.

అదే సుత్తితో మమ్మల్నీ తట్టేవాడు. మోకాలి చిప్ప మీద. అన్నయ్య పళ్ళు బిగబట్టి నిలబడేవాడు. "ఇది ఉక్కు," అనేవాడు నాన్న. నేను మొదటి దెబ్బకే బావురుమనేవాణ్ణి. "ఇది తుక్కు." షెడ్డుకొచ్చినవాళ్ళందరికీ చెప్పి మరీ నవ్వేవాడు. అన్నయ్య కూడా నవ్వేవాడు.

బల్ల మీద రెండు రకాల రాడ్లు పరిచాం. పిస్టన్‌నీ, కింద తిరిగే ఇరుసు క్రాంక్‌నీ కలిపేవి అవే, అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తినేవీ అవే. ఒక వరస కొత్తవి, ట్రాక్ కోసమే చేసినవి. ఇంకో వరస ఇంజన్లోంచి తీసిన పాతవి. పాతవి తుక్కే అని నేను ముందే తేల్చేశాను. క్రాంక్ ఒక్కటే పరీక్ష చేసి చూడాలి. అన్నయ్య దాన్ని గొలుసుకి వేలాడదీశాడు. నేను సుత్తి కోసం గోడవైపు తిరిగాను.

ఖంగ్...

వెనక్కి చూశాను. క్రాంక్ సన్నగా ఊగుతోంది. అన్నయ్య చేతులు ఖాళీగా ఉన్నాయి.

"నువ్వేనా తట్టింది?" అన్నాడు.

నా చెయ్యింకా గోడకున్న సుత్తి మీదే ఉంది.

ఇద్దరం కదల్లేదు. బల్ల వైపు నుంచి మళ్ళీ వినిపించింది. కొత్త రాడ్ల మీద... టప్. టప్. టప్. టప్. కాస్త ఆగింది. పాత రాడ్ల మీద... ఖంగ్. ఖంగ్. ఖంగ్. ఖంగ్.

అప్పుడు వచ్చింది వాసన. దగ్గుమందు, దాని కింద ఎండిపోయిన నోటి వాసన. నాన్న ఆఖరి రోజుల్లో ఆయన పడుకున్న గదిలో ఉన్న వాసన.

నేను షట్టరు వైపు జరిగాను. అన్నయ్య మాత్రం పకపకా నవ్వాడు. "ముసలాడు పోయినా డ్యూటీ దిగలేదురా!"

"అన్నయ్యా, మూసేసి పోదాం పద," అని గొణిగాను. "ఆ పాత రాడ్లు వద్దు. అలిసిపోయిన ఇనుము అది."

"నాన్న చెవి ఎప్పుడైనా తప్పిందా?"

నేను పాత రాడ్ల వంక చూశాను.

"తప్పిందా అని అడుగుతున్నా."

తప్పలేదు. నా భయమూ అదే.

అన్నయ్య ఒక్కొక్కటీ తెచ్చి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాడు. పిస్టన్లు, వాల్వులు, బోల్టులు. పెట్టి ఒకడుగు వెనక్కి వేసేవాడు. తట్టుడు పడేది. మోగినవి ఒక పక్కకి, మోగనివి తుక్కులోకి. పసిపిల్లాడికి బొమ్మలు కొనిపెడుతున్నంత సంబరం వాడి మొహంలో.

అంతలో వదిన టీ ఫ్లాస్కు పట్టుకుని షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చింది. "ఏంటా చప్పుడు? వీధిలోకి..."

టప్.

భుజం ఎముక పట్టుకుని కెవ్వుమంది. ఫ్లాస్కు పగిలి టీ నేల మీద పొగలు కక్కింది. అన్నయ్య ఆవిడ దగ్గరకి వెళ్ళలేదు. "నువ్వూ తుక్కేనే!" అని కడుపు పట్టుకుని నవ్వాడు.

టప్.

ఈసారి నా మోకాలి మీద. ఎదురుగా ఎవరూ లేరు. దెబ్బ మాత్రం సరిగ్గా ఎప్పుడూ పడే చోటే పడింది. కూలబడ్డాను.

తర్వాత ఏమీ వినిపించలేదు. రేకుల మీద వాన... అంతే.

ఖంగ్...

అన్నయ్య గుండెల్లోంచి వచ్చిందది. మనిషి ఒంట్లోంచి అలాంటి మోత రాకూడదు. సాగింది... సాగుతూనే ఉంది... గోడకి తగిలించిన పానాలన్నీ దానికి బదులు పలికాయి. అన్నయ్య నవ్వు ఆగిపోయింది. ఒక్క క్షణం పళ్ళు బిగబట్టిన ఆ చిన్నప్పటి మొహం కనిపించింది నాకు. మళ్ళీ ఇకిలించాడు.

"విన్నావురా? ఇంకా ఉక్కే నేను."

వదిన నా పక్కకి జరిగి చెవిలో అడిగింది. "ఏరి పక్కన పెట్టినవాటిని... తర్వాత ఏం చేస్తారు?"

ఇంజన్లో బిగిస్తారు.

ఇంజన్ అంతా అన్నయ్య ఒక్కడే కట్టాడు. తుక్కు చెయ్యి పడకూడదని నన్ను దగ్గరికి రానివ్వలేదు. ట్రాక్‌కి నేను వెళ్ళింది వదిన కోసం. "నువ్వన్నా నా పక్కన ఉండు," అని బతిమాలింది.

ఆ పొద్దున ఎండ కళ్ళు మిరుమిట్లు గొలిపింది. భయానికి చోటే లేనట్టుంది. మొదటిసారి కదా అని, నాలుగు చుట్లకి సరిపడా పెట్రోలే పోశాం. ఇంజన్ అందుకున్న తీరు చూసి పక్క గుడారాల మెకానిక్కులు పని మానేసి వచ్చి నిలబడ్డారు. ఎక్కడా తడబాటు లేదు. అంత బాగా పలికే ఇంజన్ని నేను ఇప్పటిదాకా వినలేదు.

నాలుగు చుట్లయ్యాయి. అన్నయ్య ట్రాక్ దిగి మా దగ్గరికి రాలేదు.

ఇంకో చుట్టు. ఇంకోటి. నేను చెయ్యూపాను, జెండా ఊపాను. కారు మా ముందు నుంచి దూసుకుపోయింది. వెనక బ్రేకు దీపాలు ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి... వేగం మాత్రం తగ్గలేదు. తర్వాతి చుట్టులో వాడి మొహం చూశాను. నోరు తెరిచి అరుస్తున్నాడు. అరచేత్తో అద్దాన్ని బాదుతున్నాడు. మాకేమీ వినిపించడం లేదు. ఆ పైచుట్టులో బాదడం లేదు. తల సీటుకి ఆనించి మావైపే చూస్తూ పోయాడు.

"ఆపండి! ఎవరన్నా ఆపండి!" వదిన గొంతు పోయేదాకా అరిచింది. ఎలా ఆపాలో అక్కడ ఎవరికీ తెలియలేదు.

చివరికి కారు తనంతట తనే నెమ్మదించి, వచ్చి మా ముందు పద్ధతిగా ఆగింది. ఇంజన్ ఇంకా నడుస్తోంది. మెత్తగా, తృప్తిగా. తలుపు తీశాను. అన్నయ్య ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. ప్రాణం మాత్రం లేదు. కుడి పిడికిలి బిగిసి ఉంది. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాను.

లోపల కారు తాళంచెవి.

ఎప్పుడో పీకేశాడు దాన్ని. పీకి చేతిలో పట్టుకుని, అలాగే తిరిగాడు.

నేను చూస్తుండగా ఇంజన్ ఆగిపోయింది. ట్యాంకు మూత తీసి చూస్తే అడుగున తడి కూడా లేదు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. శవాల గది చూసుకునే మనిషి. పక్కన ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"ఏవండీ, మీరొక్కరే రాగలరా? మీ వదినగారిని తీసుకురాకండి."

"ఏమైంది?"



"రాత్రంతా మీ అన్నయ్యగారి కింద ఐసు మారుస్తూనే ఉన్నామండీ... నిలవట్లేదు. ఇప్పుడు పెట్టింది కూడా మరుగుతోంది."