నాలుగింటి ఎండ

ఏప్రిల్ 21. ఉదయం 11.10.

లాడ్జి డాబా మీది గదిలో, మంచం మీద రాయప్ప శవం.

నైట్ వాచ్‌మన్. అరవై రెండేళ్లు. రాత్రి కాపలా, పగలు ఆ గదిలో నిద్ర. ప్రాణం పోయింది ముందురోజు సాయంత్రం. రాత్రంతా గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉన్నా, ముసలాయన ఏమయ్యాడని ఒక్కరూ పైకెక్కి చూడలేదు. ఎస్సై గిరిబాబుకి అదే గుచ్చుకుంది. ఆయనా క్వార్టర్స్‌లో ఒంటరివాడే.

11.40కల్లా లాడ్జి ఓనర్ యేసురాజు కంప్లయింటు రాసుకొచ్చాడు.

"ఆ గ్లోరి అనే అమ్మాయిదే తప్పండి. కిటికీలకి ఎంత సన్‌షేడ్ కావాలో కంప్యూటర్లో లెక్క కట్టింది. గదిలోకి ఎండ రాదు, ఫ్యాను చాలు అని రిపోర్టిచ్చింది. నమ్మి కూలర్ పెట్టలేదు."

"ఆమె చెప్పినట్టే కట్టించారా?"

"టేపు పెట్టి కొలుచుకోండి సార్."

12.15కి గిరిబాబు కొలిచాడు. గదికి ఎదురెదురుగా రెండు కిటికీలు. ఒకదానికి మూడడుగుల సన్‌షేడ్, కింద సిమెంటు జాలీ. రెండోదానికి అడుగు సన్‌షేడే. రిపోర్టుకీ దానికీ అంగుళం తేడా లేదు.

1.30కి పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టర్ ఫోన్ చేశాడు. వడదెబ్బ. గ్లోరి మెడకి ఉచ్చు బిగిసినట్టే.

ఇరవై ఆరేళ్ల గ్లోరి అద్దె గదిలో ఒక్కతే ఉంటూ హైదరాబాద్ కంపెనీకి పని చేస్తుంది. సంగతి తెలియగానే కంపెనీవాళ్లు ఆమె ఫోన్ ఎత్తడం మానేశారు.

"ఆ బిల్డింగు చూశావా అమ్మా?" ఆమె గదికెళ్లి అడిగాడు గిరిబాబు.

"లేదు సార్. ప్లాన్ పంపితే మోడల్ కడతాను. ఏ గంటకి సూర్యుడు ఎక్కడుంటాడో, కిటికీ మీద ఎంత నీడ పడుతుందో సాఫ్ట్‌వేర్ చెబుతుంది."

ల్యాప్‌టాప్ తిప్పింది. తెరమీద సాయంత్రం 4.00. పడమటి కిటికీ మొత్తం నీడలోనే ఉంది. గదిలో 36 డిగ్రీలు.

"నా లెక్క తప్పయితే, ఆయన్ని నేనే చంపినట్టు కదా సార్?"

గిరిబాబుకి బాధేసింది.

2.45. లాడ్జి కట్టిన మేస్త్రి అన్సార్ తన సంచిలోంచి ప్లాన్ కాగితం తీశాడు. ముందువైపు శుభ్రంగా ఉంది. గిరిబాబు తిరగేశాడు. వెనకంతా సిమెంటు వేలిముద్రలు, పెన్సిల్‌తో రాసిన కొలతలు.

"వెనక ఎందుకు రాశావ్?"

"ఓనర్‌గారిని అడగండి సార్," అని నీళ్లు నమిలాడు అన్సార్.

4.05. యేసురాజు, అన్సార్, గ్లోరి ముగ్గురినీ ఆ గదిలో కూర్చోబెట్టి తలుపేశాడు గిరిబాబు. ఎండ నేరుగా మంచం మీద పడుతోంది. యేసురాజు చొక్కా తడిసిపోయింది.

"జాలీ ఉన్న కిటికీ ఏ దిక్కండీ?"

యేసురాజు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"తూర్పు," అన్నాడు గిరిబాబే. "అందరం కొలతలే చూశాం, దిక్కు చూడలేదు. నేనూ మిట్టమధ్యాహ్నం వచ్చి బుర్రూపుకుంటూ వెళ్లిపోయాను. ప్లాన్‌లో ఈ జాలీ పడమటి కిటికీకి ఉంది. మీరు కాగితం తిరగేసి, వెనకనుంచి చూస్తూ కట్టించారు. పడమరది తూర్పుకొచ్చింది. ఏం అన్సార్?"

"మెట్లు వాస్తుకి కుదర్లేదండి. కొత్త ప్లాన్ గీయించమన్నాను. ఎందుకూ, కాగితం వెలుగుకి పట్టుకుని తిరగేసి కట్టెయ్ అన్నారు. ఇక్కడ మేమందరం అలాగే కడతాం సార్."

"మారేది మెట్లే కదా అనుకున్నాను," అన్నాడు యేసురాజు నేల చూస్తూ.

"పోనీ, తెలియక చేశారనుకుందాం. డాక్టర్ వడదెబ్బని చెప్పింది 1.30కి. మీ కంప్లయింటులో ఎండ సంగతి 11.40కే ఉంది. ఈ గది కాలిపోతుందని మీకు ముందే తెలుసు. తెలిసే ఈ పిల్ల మీదకి నెట్టారు. పదండి స్టేషన్‌కి."

కానిస్టేబుల్ ఆయన్ని కిందికి తీసుకెళ్లాడు.

"నీ లెక్క కరెక్టేనమ్మా. ఇంటికెళ్లు."

గ్లోరి కదల్లేదు.

"మోడల్లో ఈ గదికి ఒక మనిషిని పెట్టాను సార్. పగలు పడుకునే మనిషి. సాఫ్ట్‌వేర్ పేరు అడగదు. నేనూ అడగలేదు. ఆయన శవాన్నిప్పుడు ఎవరు తీసుకెళ్తారు?"

"వాళ్ల ఊరు వినగడపలో వాకబు చేయించాను. ఎవరూ లేరు."

శవాన్ని అప్పగించే ఫారం ఆమె అడిగి తీసుకుంది. మృతుడితో సంబంధం అన్న చోట పెన్ను ఆగింది.

"తెలిసినవారు అని రాయమ్మా."

ఆమె తల అడ్డంగా ఊపింది. 'తెలియదు' అని రాసి, కింద సంతకం పెట్టింది.

"సమాధుల తోటకి రేపు ఎన్నింటికి రావాలి సార్?"

"తొమ్మిదికి. నేనూ వస్తాను."