ముప్పై ఒకటో ట్యూబులో ఉమ్ము

మంగళగిరి దగ్గర ఒక మెడికల్ కాలేజీలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పేరు ఫెబా. మా ల్యాబ్ మూడో అంతస్తులో ఉంటుంది. బయట ఎండ మండిపోతున్నా లోపల స్వెట్టర్ వేసుకోవాలి. పదకొండింటికి టీ, ఒంటిగంటకి భోజనం, రోజంతా ఫ్రీజర్ల హోరు. భయపడటానికి ఏమీ లేని చోటు.

పోయిన మార్చిలో మా ల్యాబ్ హెడ్ జ్యోతిర్మయి మేడమ్ ఒక స్టడీ మొదలుపెట్టారు. కోవిడ్‌లో డెల్టా రకం వచ్చినవాళ్ళ ఉమ్ములో వైరస్ ఎక్కువగా ఉందా, ఒమిక్రాన్ వచ్చినవాళ్ళ ఉమ్ములోనా అన్నది తేల్చాలి. 2021 మే నెలవి నలభై ట్యూబులు, మరుసటి జనవరివి నలభై, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో దాచి ఉన్నాయి. వాటిని కరిగించి, ఒక్కో దాంట్లోంచి కాస్త తీసి మిషన్‌లో పెట్టడం నా పని. మిషన్ ఒక అంకె ఇస్తుంది. అది ఎంత తక్కువైతే వైరస్ అంత ఎక్కువ.

రక్తం, చీము, మలం అన్నీ చూసినదాన్నే. ఉమ్ము ఒక్కటే నాకు పడదు. గడ్డ కరిగేకొద్దీ తెల్లటి తెట్టు పైకి తేలుతుంది. కొన్నింట్లో నానిన అన్నం మెతుకులుంటాయి. పీల్చి తీసే పిపెట్ గొట్టం పైకెత్తితే ఉమ్ము తీగలా సాగుతుంది, తెగదు, అలా వేలాడుతూనే ఉంటుంది.

ముప్పై ఒకటో ట్యూబు డెల్టాది. మొదటి రోజు అంకె ఇరవై ఆరు. తిరిగి ఫ్రీజర్‌లో పెట్టబోతూ చూస్తే ఉమ్ము రెండు మిల్లీలీటర్ల గీత మీదే ఉంది. నేను తీసినంత తగ్గలేదు. పొరబడ్డాననుకుని మర్నాడు మళ్ళీ చేశాను. అంకె ఇరవై. ఉమ్ము గీత దాటింది. మూడో రోజు పదమూడు... మూత దాకా నురగ.

మేడమ్‌కి చూపించాను.

"వేరే ట్యూబుది ఇందులో కలిపేసి ఉంటావు ఫెబా. మళ్ళీ చెయ్యి."

"మూడుసార్లు చేశాను మేడమ్. ఒక్కసారి పట్టుకు చూడండి."

ఆవిడ గ్లవుజు వేసుకుని పట్టుకున్నారు. వెంటనే ర్యాకులో పెట్టేశారు.

"ఐసులోంచేగా తీశావు?" గొంతు తగ్గించి అడిగారు.

"అవును మేడమ్."

ట్యూబు వెచ్చగా ఉంది. అప్పుడే నోట్లోంచి వచ్చినంత వెచ్చగా.

రిజిస్టరు తీశాను. ఖాజాబీ, యాభై ఎనిమిదేళ్ళు, ప్రత్తిపాడు. నా చేతిరాతే. చూడగానే గుర్తొచ్చింది.

2021 మేలో ఆ రోజు మంచాలు చాలక జనాన్ని వరండాలో పడుకోబెట్టారు. ఖాజాబీ మిరపకాయల తొడిమలు తీసే కూలీ. కొడుకు పక్కనే కూర్చుని ఉన్నాడు. ఊపిరి అందడం లేదు, నోరు ఎండిపోయింది. ఎంత ప్రయత్నించినా ఒక్క చుక్క రాలేదు. నాకు విసుగొచ్చింది. "గీత దాకా వచ్చేవరకు ఉమ్ముతూనే ఉండు" అని కసిరి, ట్యూబు ఆమె చేతిలో పెట్టి పక్క మనిషి దగ్గరికి వెళ్ళాను. అంత పెద్దావిడని ‘నువ్వు’ అన్నాను. తిరిగొచ్చేసరికి ట్యూబు నిండి ఉంది. దాన్ని రెండు వేళ్ళతో, అసహ్యంగా తీసుకున్నాను. ఆ సాయంత్రమే ఆవిడ చనిపోయింది.

రిజిస్టరులో కొడుకు జాన్ బాషా ఫోన్ నంబరు ఉంది. చేస్తే ఇంటికి రమ్మన్నాడు. క్షమాపణ అడిగితే ఇది ఆగుతుందేమోనని శనివారం ప్రత్తిపాడు బస్సెక్కాను. దారి పొడవునా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బస్సంతా తుమ్ములే.

జాన్ బాషాకి నలభై ఏళ్ళుంటాయి. వసారాలో కుర్చీ వేసి తను గడప మీద కూర్చున్నాడు. చేతిలో నీళ్ళ సీసా. రెండు మాటలకోసారి గుక్కెడు తాగుతున్నాడు.

"ఆ రోజు మీ అమ్మగారిని కసురుకున్నానండి. తప్పు చేశాను" అన్నాను.

అతను ఇంకో గుక్క తాగాడు.

"తప్పు నాది మేడమ్. అమ్మకి రాలేదు. టెస్టు అవకపోతే బెడ్డు ఇవ్వరన్నారు. మీరు అటు తిరగ్గానే నేనే ఉమ్మాను."

"అంటే ట్యూబులో ఉన్నది..."

"నాదే." నీళ్ళు తాగాడు. "ఆ రోజు నుంచి నా నోట్లో తడి లేదు. గుంటూరులో చూపించని డాక్టరు లేడు. అంతా బాగానే ఉందంటారు."

నోరు తెరిచి చూపించాడు. నాలుక నల్లగా, బీటలు వారి, అంగిలికి అంటుకుని ఉంది. దాన్ని వేలు పెట్టి ఊడదీశాడు. పట్టీ పీకినట్టు చప్పుడైంది. చచ్చిన ఎలుక వాసన నా మొహానికి కొట్టింది. కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

"అది ఇంకా ఉందా మేడమ్?" గుసగుసగా అడిగాడు.

"ఉంది."

"నాకు తెచ్చివ్వండి."

"ఏం చేసుకుంటారు?"

అతను నా సంచీ వైపే చూస్తూ పెదవులు కదుపుతున్నాడు.

సోమవారం పొద్దున ఫ్రీజర్ తెరిచాం. ముప్పై ఒకటో ట్యూబు మూత ఊడిపోయింది. ఉమ్ము పక్క ట్యూబులన్నిటి మీదా పొర్లి, అరల అంచు నుంచి కిందికి సాగి వేలాడుతోంది. అంత చలిలోనూ గడ్డకట్టలేదు. బుడగలు లేస్తున్నాయి... పగులుతున్నాయి... మళ్ళీ లేస్తున్నాయి. మేడమ్ సింకు దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకున్నారు.

ఆ ఉమ్ము జాన్ బాషాకి ఇవ్వడం అన్న మాటే లేదు. అందులో ఉన్నది డెల్టా. డెల్టా ర్యాకును సంచిలో కట్టి ఆటోక్లేవ్‌లో పెట్టాం. నలభై ట్యూబులూ ఆవిరిలో ఉడికిపోయాయి. స్టడీ అక్కడితో ఆగిపోయింది.

పన్నెండున్నరకి నా ఫోన్ మోగింది. జాన్ బాషా.

"వచ్చింది మేడమ్." మాట ముద్దముద్దగా ఉంది. "నోరంతా ఊరుతోంది. ఆగట్లేదు."

"మంచిదేగా అండీ" అన్నాను.

"కానీ ఇది నాది కాదు. పొగాకు రుచి. నాకు అలవాటే లేదు... అమ్మ నమిలేది."

ఫోన్‌లో తడి చప్పుడు.

"నిండిపోయింది మేడమ్... ఉమ్మమంటారా... మింగమంటారా?"

ఉమ్మేయండి అనబోయేలోపే అవతల గుటక వినిపించింది. ఒకటి. తర్వాత ఇంకొకటి. తర్వాత, దాహం తీరాక విడిచే నిట్టూర్పు.

అది మగ గొంతు కాదు.