ఎర్ర మీట

రామచంద్రాన్ని లేత్ మింగిందని పోలీసులు రాసుకున్నారు. ఆయుధ పూజ మర్నాడు పొద్దున బోరబండలో, అతని రేకుల షెడ్డులోనే శవం దొరికింది. చొక్కా చెయ్యి తిరిగే లేత్‌లో ఇరుక్కుందట. యాక్సిడెంట్. ఫైల్ క్లోజ్.

ఏజెంట్ యజ్ఞనారాయణ ఆ రాతను నమ్మలేదు. రామచంద్రం అతని ప్రాణ స్నేహితుడు. చంపినవాడు దొరికితే చట్టం దాకా ఆగుతానన్న నమ్మకం కూడా అతనికి లేదు.

"ఫారిన్ గూఢచారుల రింగ్ పని," అన్నాడు చీఫ్ విశ్వేశ్వరరావు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. రామచంద్రం కరెంటాఫీసు గుమాస్తా. పాత లేత్‌కి కంప్యూటర్ తగిలించి, ఇనుమును దానంతట అదే చెక్కేలా చేయాలని అతని పిచ్చి. డెబ్బై ఎనిమిదిలో అది పిచ్చే. అయినా అతను మంచిదన్న కంప్యూటర్ బోర్డునే ఒక రక్షణ కర్మాగారం ట్రయల్‌కి తీసుకోబోతోంది. రింగ్ ఒక విదేశీ బోర్డును దింపింది. దాని కడుపులో రహస్య రిసీవర్. బయటి నుంచి సిగ్నల్ అందితే యంత్రం వెర్రెత్తి తిరుగుతుంది. రామచంద్రం ఆ బోర్డు వద్దన్నాడు. ప్రాణం పోగొట్టుకున్నాడు.

"ఈ రోజే సెలక్షన్. అతని స్థానంలో నువ్వు కూర్చో. పుణ్యవతి సాయం వస్తుంది."

పుణ్యవతి డిపార్ట్‌మెంటులో కొత్త ఏజెంట్. లండన్‌లో పెరిగిన పిల్ల. ఆమె నవ్వితే సీక్రెట్ ఫైళ్లు వాటంతటవే తెరుచుకుంటాయని ఆఫీసులో జోకు.

నూనె మరకల ఓవరాల్, సోడాబుడ్డి కళ్లద్దాలతో యజ్ఞనారాయణ షెడ్డు చేరేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"మోటార్ వేడెక్కిందా?" అడిగాడు.

"ఇంకా నూనె పోయలేదండీ."

కోడ్ సరిపోయింది. బల్ల మీద రెండు బోర్డులు. ఒకటి తళతళలాడే విదేశీది, మహా వేగం. రెండోది రామచంద్రం స్వయంగా కూర్చుకున్న నత్త. లేత్‌కి పరుగు పందెం అక్కర్లేదనీ, మోటారుకి అడుగు తప్పకపోతే చాలనీ అతను వాదించేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు: కంప్యూటర్ ఏదైనా కొనుక్కో, ఆపే మీట మాత్రం దాని చేతికివ్వకు.

పుణ్యవతి విదేశీ బోర్డును ముందుకు జరిపింది. "ఇంకా ఆలోచన ఎందుకండీ? ఆయుధ పూజ సాయంత్రం రామచంద్రం గారు నా ఎదుటే దీంతో లేత్ నడిపారు. బ్రహ్మాండం అన్నారు."

యజ్ఞనారాయణ నెత్తురు సలసల కాగింది. ఆయుధ పూజ నాడు రామచంద్రం లేత్‌కి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టేవాడు. ఆ రోజు స్విచ్ ముట్టడం కాదు కదా, స్క్రూడ్రైవర్ కూడా ఎత్తనిచ్చేవాడు కాదు. పనిముట్టు పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి, లండన్ పిల్లకు తెలియలేదు. ఆమె అబద్ధమాడుతోంది. అతన్ని చంపి లేత్ తిప్పింది ఆమే. పీక అక్కడే పిసికేయాలనిపించింది. కానీ సాక్ష్యం కావాలి.

విదేశీ బోర్డు బిగించి, ఇనుప ముక్కను కరిచిపట్టే చక్‌లోకి చెయ్యి పెట్టాడు. వెనక ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. వెంటనే సిగ్నల్‌ను పసిగట్టే అతని రిస్ట్ వాచ్ వణికింది. లిప్‌స్టిక్కే ట్రాన్స్‌మిటర్.

లేత్ గర్జించింది. చక్ అతని చొక్కా చేతిని పట్టుకుని లాగింది.

"కంప్యూటర్ నీ మాట వినదు," అంది పుణ్యవతి.

అతను మోకాలితో బల్ల కింది ఎర్ర మీటను గుద్దాడు. రామచంద్రం దాన్ని కంప్యూటర్‌తో పొత్తు లేకుండా నేరుగా కరెంటుకే కలిపాడు. మోచేయి విరిగే ముందు చక్ ఆగిపోయింది.

చక్ తాళం తిప్పి చెయ్యి విడిపించుకుని, ఆమె లిప్‌స్టిక్ లాక్కున్నాడు. మరుక్షణం ఆమె షిఫాన్ పమిట అదే చక్‌లో బిగిసింది. యజ్ఞనారాయణ ఎర్ర మీట పైకి లాగి కరెంటు తిరిగి ఇచ్చి, పక్కింట్లోంచి రామచంద్రం భార్య నీలమ్మను పిలిచాడు.

"నీ మొగుణ్ణి చంపింది ఇదే, చెల్లెమ్మా. లేత్‌ని తిప్పే పచ్చ మీట నొక్కితే చాలు. నేను అటు తిరుగుతాను."

నీలమ్మ మీట మీద వేలు పెట్టింది. పుణ్యవతి అడగకుండానే రింగ్ మనుషుల పేర్లన్నీ చెప్పేసింది. చివరికి నీలమ్మ చెయ్యి తీసింది.

"వద్దన్నా. నా పెనిమిటి పూజ జేసిన మిషన్ ఇది. ఈ ఆడదాని నెత్తురుతోని మైల జెయ్య. సర్కారు కాడ ఉరితాడు లేదా ఏంది?"

అతని కసి తీరలేదు. అయినా ఆమె మాట కాదనలేకపోయాడు.

సాయంత్రానికి మిగతా రింగ్ మొత్తం కటకటాల వెనక ఉంది. చీఫ్ ఫోన్ చేసి ఏ కంప్యూటర్ సెలక్ట్ చేశావని అడిగాడు.

"రామచంద్రం నత్తే, సర్. ఆపితే ఆగుతుంది."

"పుణ్యవతి?"

"ఇంకా చక్‌లోనే ఉంది సర్. విప్పే తాళం నీలమ్మ దగ్గరుంది. పొయ్యి మీద పప్పు ఉడికాక ఇస్తానంది."