ఒంటి సాక్సు

"మావయ్యా, నాకు పైథాన్ వచ్చేసింది!"

వాషింగ్ మిషన్ల హోరులో లాండ్రీ మావయ్యకి వేరేలా వినపడింది. "పై థాను వచ్చేసిందా? పట్టుకోరా, పడిపోతుంది!" అంటూ స్టూలెక్కాడు. దుప్పట్ల కోసం పై అరలో పేర్చిన గుడ్డ థానులన్నీ ఆయన నెత్తిమీదే పడ్డాయి.

"థాను కాదు మావయ్యా, కంప్యూటర్ భాష! కోడ్ రాస్తారు."

"మీ అమ్మకి కావాల్సింది కోడ్ కాదురా అల్లుడూ, కోడలు!"

అల్లుడు వింటేగా? జత తప్పిన సాక్సులన్నీ ఓ బుట్టలో పడుంటే, వాటికి ఫొటోలు తీసి, రంగూ చారా చూసి జతలు కలిపే ప్రోగ్రామ్ రాశాడు. ఎవరి సంచిలో ఒంటి సాక్సు కనబడినా ఫోన్‌కి మెసేజ్ వెళ్లిపోయేది: "మీ రెండో సాక్సు తప్పిపోయింది. దిగులు పడకండి, వెతుకుతున్నాం." దొరికితే ఇంకోటి: "విడిపోయిన జంట కలిసింది, వచ్చి దీవించండి!" ఉతికేవాడు కాస్తా వెతికేవాడయ్యాడని కస్టమర్లు పడీపడీ నవ్వారు.

ఎదురు షాపులో కళ్లజోళ్లమ్మే అమ్మాయి సంచిలో మాత్రం ప్రతివారం ఒకే ఒక్క గోధుమరంగు సాక్సు.

"దొరికిందా?" అనేది, నవ్వు అణుచుకుంటూ.

"ఇంకా లేదండీ."

"సరిగ్గా వెతకండి మరి!"

కళ్లజోళ్ల పిల్ల, మేజోళ్ల పిల్లాడు, జోడు కుదిరిందని మావయ్య మురిసిపోయాడు. ఆ రెండో సాక్సు వెతికి ఆమె చేతిలో పెట్టి, మనసులో మాట చెప్పేయాలని అల్లుడి పట్టుదల.

ఉన్నట్టుండి ఆ అమ్మాయి రావడం మానేసింది. షాపులో కూడా లేదు. అతను ఊరంతా తిరిగి అలాంటి సాక్సే కొని, పాతదిలా కనబడాలని ఉతికి ఉతికి రంగు దింపాడు.

ఒకరోజు వచ్చింది. సంచిలో గోధుమరంగు సాక్సు లేదు. అతనది గమనించనేలేదు.

"దొరికిందండీ!" అని అందరి ముందూ చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని మొహానికి అదుముకుని భోరుమంది.

"పిల్లని ఏమన్నావురా!" మావయ్య గయ్యిమన్నాడు. కస్టమర్లు మూగారు. ఆమె ఏదో చెబుతోంది, హోరులో వినపడ్డంలేదు. మావయ్య వెళ్లి మిషన్లన్నీ ఆపేశాడు.

"ఈయన తప్పేం లేదండీ. యాక్సిడెంట్లో మా నాన్నకి ఒక కాలు పోయింది. కొత్త సాక్సులు కొంటే జతలో రెండోది ఆరోజే పారేసేవాడు. ఇక్కడేదీ తప్పిపోలేదు."

"అయ్యో! ముందే చెప్పొచ్చు కదండీ. నేనేమో వారం వారం..."

"నాన్నే చెప్పనివ్వలేదు. ఇక్కడ ఇచ్చింది నాన్న నంబరే. కాలు పోయాక నవ్వడం మానేసిన మనిషి మీ మెసేజ్ చూసి కడుపుబ్బ నవ్వాడు. 'నాకు కాలే లేదు, పాపం వీడు సాక్సు వెతుకుతున్నాడే! చెప్పకు, చెబితే ఆపేస్తాడు' అన్నాడు. మీ మెసేజ్ వచ్చే రోజు పొద్దున్నుంచీ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు."

కూర్చునేవాడు. ఆ మాట దగ్గరే అందరికీ అర్థమైంది.

"ఆ అబ్బాయిని ఓసారి తీసుకురావే, చూస్తాను అని అడుగుతూనే ఉన్నాడు. వచ్చేవారం, వచ్చేవారం అన్నాను." కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మిమ్మల్ని పిలవడానికి సిగ్గేసింది."



అతను కౌంటర్ దాటి వచ్చాడు. "అది దొరకలేదండీ. కొన్నాను."

"తెలుసు. లేనిదెక్కడ దొరుకుతుంది?" సాక్సు మడిచి సంచిలో పెట్టుకుంది. "రండి. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది."