నానమ్మ ఎక్కని గోడ

పొద్దున్నే టీ మరిగేలోపు ఆ ఇంట్లో రెండు గొడవలు మొదలయ్యాయి. ఒకటి బాత్రూం కోసం, అది రోజూ ఉండేదే. రెండోది భోజనాల బల్ల మీదున్న రెండు గేమ్ మెషిన్ల కోసం.

కింద తాతయ్య పెట్టిన గేమ్ మెషిన్ల వర్క్‌షాపు, పైన ఇల్లు. కొత్త నమూనా తయారైతే ముందు ఇంట్లోవాళ్లంతా ఆడాలి, ఓడినవాళ్లు గిన్నెలు తోమాలి. అది ఆ ఇంటి పద్ధతి. ఈసారి నమూనాలు రెండొచ్చాయి. మార్కెట్లోకి పంపగలిగేది మాత్రం ఒక్కటే. అక్క చేసినదానికి రెండే బటన్లు, ఎవరైనా సరదాగా ఆడుకోవాలని. తమ్ముడు చేసినదానికి పద్నాలుగు, ఆటంటే పడి చచ్చేవాళ్ల కోసమని.

"నీది పసిపిల్లల గిలక్కాయ, అక్కా! అసలైన ఆటగాళ్లు చూస్తే నవ్వుతారు."

"నీది చూస్తే ఏడుస్తార్రా. అన్ని బటన్లు నొక్కాలంటే కాలివేళ్లు కూడా కావాలి."

"సరే, నీదే చేసుకో. నేను వేరే కంపెనీలో చేరిపోతా. అక్కడే గది కూడా చూసుకున్నా."

అక్క చేతిలో చెంచా ఆగిపోయింది. వెళ్లొద్దురా అనాలనుంది. నోటికి మాత్రం వేరే మాటొచ్చింది. "వెళ్లు. నీ గదిలో కుట్టుమిషన్ పెట్టుకుంటా."

"ముందు నన్ను ఆడనివ్వండర్రా," అంటూ నానమ్మ కళ్లజోడు తుడుచుకుని సోఫాలో కూర్చుంది. ఈ ఇంటి కంపెనీలో ఆఖరి మాట ఆవిడదే. ముందుగా అక్క చేసిన మెషిన్‌ని చేతిలోకి తీసుకుంది. నమూనాలు పరీక్షించే బాబాయి ఓ మూల బుద్ధిగా కూర్చున్నాడు. ఆయన బుద్ధిగా ఉన్నాడంటేనే ఏదో కొంప ముంచాడన్నమాట.

తెర మీద రావాల్సింది పళ్లు ఏరే తేలిక ఆట. వచ్చింది రాతిగోడ. ఓ బుల్లి మనిషి ఎగిరి, పట్టు తప్పి ధబేల్మన్నాడు.

"అది నా ఆట!" తమ్ముడు అరిచాడు.

బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. "రెండు మెషిన్లలోని ఆట కార్డులు అటూ ఇటూ మార్చా. ఉరి తీస్తారా ఏంటి?"

"వదిలెయ్ నానమ్మా. అది మామూలువాళ్ల వల్ల కాదు," అన్నాడు తమ్ముడు.

"మామూలువాళ్లంటే ఎవర్రా? నేనా?" నానమ్మ కొంగు బిగించింది. ఆటలో పడింది. మళ్లీ పడింది. "ఇంకొక్కసారి!"

టీ చల్లారిపోయింది. తమ్ముడు ఉండబట్టలేక పక్కన చేరాడు. "ఆ రాయి దగ్గర ఎగరకు, ఆగు!" అక్క అటుపక్క కూలబడింది. "ఇప్పుడు రెండోది నొక్కు!" అని, అంతలోనే తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, గోడెక్కడానికి ఎగరడం, పట్టుకోవడం, అంతేగా? మిగతా పన్నెండు బటన్లూ దేనికి?"

తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. "చూడ్డానికి బాగుంటాయని."

అక్క పకపకా నవ్వింది.

"నవ్వకు. నీ పళ్ల ఆటైతే నానమ్మ ఈపాటికి కునుకు తీసేది. ఇప్పుడు చూడు, టీ కూడా మర్చిపోయింది."

నిజమే. "నా రెండు బటన్లూ, నీ గోడా కలిపితే?" అంది అక్క మెల్లగా. "కలిపేదెవరులే, నువ్వు వెళ్లిపోతున్నావుగా."

"కుట్టుమిషన్ కొన్నావా?"

"లేదు."

"అయితే ఉంటాలే."

అప్పుడు నానమ్మ సర్దుకుని కూర్చుంది. బుల్లి మనిషి ఒక్కసారి కూడా జారకుండా చకచకా గోడెక్కి పైన జెండా పట్టుకున్నాడు. ఇద్దరూ నోళ్లు తెరిచారు.

"నానమ్మా! నీకిది ముందే వచ్చా?"

"మీ బాబాయి రోజూ మధ్యాహ్నం ఆడించాడుగా. మొదట్లో నిజంగానే పడ్డాను, పట్టుదలొచ్చింది."

"మరి ఇవాళ ఎందుకు పడ్డావు?"

"నేను పడుతున్నంతసేపూ మీరిద్దరూ నా పక్కనే కూర్చున్నారు కదర్రా."

అక్క నానమ్మ భుజంలో ముఖం దాచుకుంది. తమ్ముడు కిటికీ వైపు తిరిగి కంట్లో ఏదో పడ్డట్టు తెగ నులుముకున్నాడు.

"నానమ్మ గెలిచింది, మీరిద్దరూ ఓడారు," బాబాయి లేచి ప్రకటించాడు. "సింకు అటు!"

కాసేపటికి వంటింట్లో అక్క తోముతుంటే తమ్ముడు కడుగుతున్నాడు. రెండు బటన్లూ పక్కపక్కన ఉండాలా, ఒకదాని కింద ఒకటి ఉండాలా అని అప్పుడే గొడవ మొదలైంది.