ఇన్వర్టర్ వెనక స్విచ్చు

"బోణీ కాలేదు తల్లీ. ఇప్పుడు కంప్లైంట్ మాట ఎత్తకు."

రామలింగయ్య గల్లాపెట్టె చుట్టూ ఊదుబత్తి తిప్పుతూనే ఈ మాట అన్నాడు. రాయచూరు బజారులో ధనశ్రీ ఎలక్ట్రానిక్స్ షట్టరు లేపి ఎంతోసేపు కాలేదు. చిమ్మిన నీళ్ళింకా మెట్ల మీద ఆరలేదు.

"మీరమ్మిన ఇన్వర్టరు పనిచెయ్యట్లేదండీ. అది చెప్పడానికి కూడా ముహూర్తం చూడాలా?" అంది దేవిక.

"ముహూర్తం గాదు, బోణీ. పొద్దుగాల్నే కంప్లైంట్ ఇంటే దినమంతా గదే నడుస్తది. జర ఆగి రా."

"వెళ్ళి రావడానికి మా ఊరు పక్క వీధిలో లేదు. బోణీ అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాను."

కూర్చుంది. లోపలి కుర్చీలో కాదు, తడి మెట్టు మీద, వచ్చేవాళ్ళ దారికి అడ్డంగా. ఇడపనూరు దాటాక కాలువ పక్కనున్న క్యాంపు నుంచి తొలి బస్సుకు వచ్చింది ఆమె. తాతల కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ వరి వేసిన కుటుంబం. ఆ ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటి మనిషి దేవికే. ఆ పట్టా అంత తేలిగ్గా రాలేదు. అందుకే ఆమె కూడా తేలిగ్గా లేచిపోయే రకం కాదు.

మొదటి గిరాకీగా బసవలింగప్ప అనే పెద్దమనిషి వచ్చి ఇండక్షన్ స్టవ్వు చూపమన్నాడు. రామలింగయ్య మొహం వెలిగింది.

"మీ ఇంట్లో గిన్నెలు అల్యూమినియంవాండీ?" అని అడిగింది మెట్టు మీద నుంచి దేవిక.

"హౌదమ్మా. అన్నీ గవే."

"అయితే ఈ స్టవ్వు మీద వేడెక్కవు. అయస్కాంతం అంటుకునే గిన్నెలు కొనుక్కోవాలి. గ్యాసు అయిపోయిన రోజు బాగా పనికొస్తుంది. కరెంటు పోయిన రోజు మాత్రం దానిమీద పూలకుండీ పెట్టుకోవాలి."

బసవలింగప్ప గడ్డం గోక్కున్నాడు. "ఇంట్ల ఆడోళ్ళని అడిగొస్త" అని వెళ్ళిపోయాడు.

నిచ్చెన పైనుంచి ఫక్కున నవ్వు వినిపించింది. టీవీ డబ్బాలు సర్దుతున్న ప్రమోద్ అట్ట పెట్టె అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. రామలింగయ్య ఒక్కగానొక్క కొడుకు అతను. తండ్రి తలెత్తి చూసిన చూపుకు సగం మెట్లు జారి దిగాడు.

"నాయనా, ఈమె గిట్లనే కూసుంటే సంక్రాంతి దాంక బోణీ గాదు" అన్నాడు ప్రమోద్.

దేవిక లేచి కౌంటరు దగ్గరికొచ్చింది. "ఒక టూ పిన్ ప్లగ్గివ్వండి." చిల్లర పెట్టింది. ప్లగ్గు అందుకుంది. "బోణీ అయింది కదండీ? ఇప్పుడు వినండి."

రామలింగయ్య చిల్లర కళ్ళకద్దుకోవాలా, బల్ల మీద విసిరికొట్టాలా తేల్చుకోలేక కొడుకు వైపు తిరిగాడు. "నువ్వే గద అమ్మింది? పోయి చూసి రా. అక్కడ గూడ ఇకిలించకు."

* * *

ప్రమోద్ క్యాంపుకు వచ్చేసరికి పొద్దు వాలింది. డాబా ఎక్కితే దూరాన యరమరస్ కరెంటు ప్లాంటు పొగ సన్నగా కనిపించే ఊరు. కింద ఇంట్లో బల్బు మాత్రం గుడ్డిదీపంలా ఎర్రగా ఉంది.

"చూశావా బాబూ, కరెంటు వండే పొగ కనబడతా ఉంది. వడ్డించేటప్పుడే మా విస్తరి గుర్తురాదు వాళ్ళకి" అంది దేవిక నాయనమ్మ బుల్లెమ్మ.

దేవిక కష్టమంతా ఈ సాయంత్రపు కరెంటుతోనే. ఆమె ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీ ఒకదానికి ఆన్‌లైన్లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకే ఇక్కడ ఓల్టేజీ పడిపోతుంది. పాఠం మధ్యలో కంప్యూటర్ ఆరిపోతుంది. ఇంకొక్కసారి క్లాసు తెగితే వేరేవాళ్ళను చూసుకుంటామని కంపెనీ చెప్పేసింది. ఉద్యోగం నిలబడితే పెళ్ళి నీ ఇష్టం, లేకపోతే సింధనూరు సంబంధానికి తలవంచాలి అని తండ్రి శివరామకృష్ణయ్య ముందే మాట తీసుకున్నాడు. ఇవన్నీ ఆమె చెప్పలేదు. బుల్లెమ్మ చెప్పింది, అడక్కుండానే.

ప్రమోద్ ఇన్వర్టరును గోడ దగ్గర్నుంచి జరిపి, వెనక చూసి, నాలుక కరుచుకున్నాడు.

"దీంట్ల ఖరాబు లేదు. తప్పు నాది. మీ నాయన షాపుల 'కంప్యూటర్ కోసం' అన్నడు. నేను ఈ స్విచ్చు కంప్యూటర్ దిక్కు పెట్టి పంపిన. మా బజారుల ఓల్టేజీ పడదు. మీ తాన సగమే వస్తది. గంత తక్కువుంటే ఇది కరెంటే లేదనుకుంటది. చార్జింగ్ చేసుకోదు, ఉన్న బ్యాటరీ తినుకుంట కూసుంటది."

"స్విచ్చు రెండో వైపు తిప్పితే?"

"తక్కువ కరెంటుల గూడ చార్జ్ అయితది. గానీ కరెంటు పోయినప్పుడల్ల రెప్పపాటు ఆగి అందుకుంటది. గా రెప్పపాటుకే మీ కంప్యూటర్ పడుకుంటది."

"అంటే ఇటు తిప్పితే బ్యాటరీ నిండదు, అటు తిప్పితే కంప్యూటర్ నిలవదు. అమ్మేటప్పుడు ఈ ముక్క చెప్పాలి కదండీ!"

"షాపుల అందరు ఏది మంచిదని అడుగుతరు మేడమ్. దేంతోని ఏం పోతదని ఎవరు అడగరు."

"నేను అడుగుతాను. నాకు ఏది మంచిదో మీరు చెప్పకండి. దేనికి ఏం పోతుందో చెప్పండి. మంచేదో నేను చూసుకుంటాను."

ఆ గుడ్డి వెలుగులో ఆమె కళ్ళు మాత్రం పూర్తి ఓల్టేజీతో వెలుగుతున్నాయి. ప్రమోద్ చెప్పాల్సింది మరిచిపోయాడు.

"ఏంటండీ అలా చూస్తారు?"

"ఏం లే. ఆలోచిస్తున్న."

"ఇన్వర్టరు అటు వైపుంది."

చివరికి ఉపాయం ఆమెకే తట్టింది. పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కుంటే దాని బ్యాటరీ దానికుంటుంది. రెప్పపాటు ఆగినా నిలుస్తుంది. అప్పుడు స్విచ్చును నిశ్చింతగా రెండో వైపు తిప్పుకోవచ్చు. తెర చిన్నది, కళ్ళు లాగుతాయి, పాత సరుకు కాబట్టి బ్యాటరీ ఎక్కువసేపు ఉండదు. పోయేవి అవి. నిలిచేది క్లాసు. వైఫై డబ్బాకు చిన్న బ్యాకప్ కూడా పెట్టకపోతే అది మళ్ళీ లేచేసరికి పిల్లలు ఆటకు పోతారని ప్రమోద్ గుర్తుచేశాడు. ఆ ఒక్కదానికి ఆమె "థ్యాంక్సండీ" అంది. అతను బండి మీద రాయచూరు దాకా ఆ మాటనే తలుచుకుంటూ వెళ్ళాడు.

* * *

ఆ తర్వాత ప్రతి ఆదివారం ప్రమోద్ బ్యాటరీలో నీళ్ళు చూడాలంటూ క్యాంపుకు రావడం మొదలుపెట్టాడు.

"మా గేదె కూడా ఇన్ని నీళ్ళు తాగదు బాబూ. మీ బ్యాటరీకి ఏమైనా జబ్బా?" అని అడిగింది బుల్లెమ్మ.

"ఎండలు గదా అవ్వా. బ్యాటరీకి దూపయితది."

"దాహం దానికా, నీకా?"

దేవిక లోపల నుంచి, "ఆ బ్యాటరీలో నీళ్ళు మూడు నెలలకోసారి చూస్తే చాలని పుస్తకంలో ఉంది నాయనమ్మా" అంది. ప్రమోద్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా పై ఆదివారమూ వచ్చాడు. ఆ రోజు ఆమె మంచినీళ్ళు కాదు, మజ్జిగ తెచ్చింది. వాళ్ళ మధ్య 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. వానాకాలం కూడా వచ్చింది.

ఒక ముసురు రోజు క్యాంపు బస్టాపు రేకుల కింద, వాన చప్పుడుకు పైగా గొంతెత్తి ప్రమోద్ అడిగేశాడు.

"పెండ్లి చేసుకుందామా దేవికా? మా నాయన మొదట ఎగిరిండు. కులం గాదన్నడు, క్యాంపోళ్ళన్నడు. ఇప్పుడు మెత్తబడ్డడు. రాయచూరుల మా ఇంట్ల కరెంటు అస్సలు పోదు. ఒక్కటే అడుగుతున్నడు."

"ఏంటది?"

"క్లాసులు బంద్ చేసి షాపుల బిల్లింగ్ చూసుకోమంటున్నడు. కోడలు ఒక డబ్బా ముంగట కూసొని మాట్లాడుకుంట ఉంటే సుట్టాలకు బాగుండదంట."

ఆమె మొహంలోని సంతోషం వాన నీరులా దిగిపోయింది.

"నేను మానేస్తాను. నా క్లాసులు పోతాయి, నా ఊరు పోతుంది. నీకేం పోతుంది ప్రమోద్?"

అతను ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు. "నాకా... నాకేం పోదు."

"కరెంటు కోసం ఉద్యోగం వదులుకునేదాన్నయితే ఎప్పుడో సింధనూరు వెళ్ళిపోయేదాన్ని. అక్కడా కరెంటుందట. ఏమీ పోనివాడు అడిగితే నేను ఒప్పుకోను. మీ నాన్నకు చెప్పు, నేను కాదన్నానని."

గొడుగు విప్పుకోవడం కూడా మరిచి వానలోకి నడిచింది. బస్సు వచ్చింది, పోయింది. ప్రమోద్ ఎక్కలేదు.

తర్వాతి బస్సు దాకా వానలోనే నిలబడి, తడిసిన బట్టలతోనే వెళ్ళి తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె చెప్పింది న్యాయమేనన్నాడు. ఆమె క్లాసులు ఆపే షరతు మీద తనకు పెళ్ళే వద్దన్నాడు. రామలింగయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నేనే పోయి మాట్లాడత. గంత గట్టి పిల్ల నా మొఖం మీద కాదంటదా, చూస్త."

* * *

ఆదివారం సాయంత్రం రామలింగయ్య భార్య సౌభాగ్యలక్ష్మిని, కొడుకును వెంటబెట్టుకొని జరీ కండువాతో క్యాంపుకు వచ్చాడు. వాన వెలిసిన ఉక్క. శివరామకృష్ణయ్య ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ హాల్లోకి తెచ్చి, ఫ్యాన్లు రెండూ వేశాడు.

దేవిక వచ్చి నమస్కారం పెట్టింది. "కూర్చోండి. నాకు ఆదివారం కూడా క్లాసుంది. అయ్యాక మాట్లాడుకుందాం."

"మేమొచ్చినంక గూడ క్లాసేంది? గా విషయమే మాట్లాడదామని వచ్చిన."

"పిల్లలు ఎదురుచూస్తున్నారండీ. మీరు చెప్పబోయేది క్లాసులు ఆపమనైతే, జవాబు ఇప్పుడే చెప్పేస్తాను. ఆపను."

శివరామకృష్ణయ్య గబగబా కాఫీ పళ్ళెం తెచ్చి అతిథుల ముందు పెట్టాడు. దేవిక గదిలోకి వెళ్ళి కర్టెన్ లాగింది. ల్యాప్‌టాప్‌లో చిన్న చిన్న మొహాలు వరసగా ప్రత్యక్షమయ్యాయి. భిన్నాల కూడిక మొదలుపెట్టింది. బల్ల కింద పాదాలు ఒకదానికొకటి పెనవేసుకుని ఉన్నాయి.

కాసేపటికే కరెంటు పోయింది. ఆ రోజు లైను పనులంటూ పొద్దున్నించీ సరిగా ఇవ్వలేదు, బ్యాటరీ సగం కూడా నిండలేదు. హాల్లో రెండు ఫ్యాన్లు, గదిలో ఆమె క్లాసు, అన్నీ దాని మీదే. కొద్దిసేపట్లోనే ఇన్వర్టరు కుయ్, కుయ్ మని అరవడం మొదలుపెట్టింది. ల్యాప్‌టాప్ మూలన కూడా బ్యాటరీ అయిపోవచ్చిందని ఎర్ర గీత వెలిగింది. దేవిక ఆ గీత వైపే చూసింది. ఇప్పుడు తెగితే ఉద్యోగం పోయినట్టే. తండ్రికిచ్చిన మాట, సింధనూరు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. పిల్లలను వదిలి లేవడానికి లేదు, పెద్దమనిషి నెత్తి మీది ఫ్యాను ఆపమని అరవడానికీ లేదు.

కర్టెన్ సందులోంచి ప్రమోద్ లేవడం కనిపించింది. నేరుగా స్విచ్ బోర్డు దగ్గరికి నడిచాడు. టక్. ఒక ఫ్యాను ఆగింది. టక్. తండ్రి నెత్తి మీదిది కూడా ఆగింది.

"అరే! ఏం చేస్తున్నవ్‌రా?"

"ఫ్యాన్లు నడిస్తే ఆమె క్లాసు మధ్యల బంద్ అయితది నాయనా."

"నేను చెమటల తడుస్తున్న!"

"తడువు. నేను గూడ తడుస్త. ఇంకా వినాలంటే విను. ఈమెను చేసుకోనియ్యకుంటే రేపటి సంది నేను షాపుకు రాను. శక్తినగర్ల చిన్న రిపేరు దుకాణం పెట్టుకుంట. నువ్వు వద్దంటే నాకు గల్లా పోతది, నీకు నీ కోపం మిగుల్తది. నాకు ఏం పోతదో నాకు తెలుసు. తెలిసే ఆపిన."

 ఇన్వర్టరు అరుపు ఆగింది. గదిలో ఒక పిల్లవాడు మూడింట ఒకటిని ఆరింట రెండుగా మార్చి, "సరేనా మిస్?" అన్నాడు. "సరే. ఇప్పుడు కలుపు" అంది దేవిక. 

రామలింగయ్య మెడ మీద నుంచి చెమట ధారగా దిగుతోంది. లేచి వెళ్ళిపోతాడేమోనని అందరూ చూస్తున్నారు. అప్పటిదాకా నోరు విప్పని సౌభాగ్యలక్ష్మి కొంగుతో విసురుకుంటూ అంది.

"ఇన్నేండ్లు దుకాణంల ఫ్యాన్ కింద నువ్వు కూసుంటివి, వంటింట్ల పొయ్యి కాడ నేను కూసుంటి. ఎప్పుడన్న లేచి పోయిన్నా? జర సేపు ఓర్చుకో."

బుల్లెమ్మ నవ్వు ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంది.

రామలింగయ్య భార్యను చూశాడు, కొడుకును చూశాడు. గదిలోంచి వస్తున్న గొంతును విన్నాడు. ఎదుటి పిల్లవాడికి అర్థం కాలేదని మళ్ళీ మొదటి నుంచి చెబుతోంది, విసుక్కోకుండా. ఆయన మెల్లగా జరీ కండువా తీసి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. చొక్కా పై గుండీ విప్పాడు.

"క్లాసు ఇంకెంతసేపు ఉంటది?"

"అరగంట పడుతుందండీ" అన్నాడు శివరామకృష్ణయ్య భయంభయంగా.

"గయితే గట్ల నిలబడతవేంది? వచ్చి కూసో. ఒక విసనకర్ర ఉంటే ఇటియ్యి, బావా."

ఆ చివరి మాట కర్టెన్ దాటి వచ్చింది. దేవిక చేతిలోని పెన్ను ఆగిపోయింది. హాల్లో తండ్రి విసనకర్ర కోసం గోడకేసి, తలుపుకేసి పరిగెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. కర్టెన్ అవతల ఎక్కడో ప్రమోద్ ఉన్నాడు. అతను నవ్వుతున్నాడని చూడకుండానే తెలిసిపోయింది.

"మిస్, మీరేంటి ఏడుస్తున్నారు?" అన్నాడు తెరమీది పిల్లవాడు.

"ఏడవట్లేదు. ఇక్కడ ఫ్యాన్ లేదు, చెమట" అంది దేవిక కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు లెక్క చెయ్యి. మధ్యలో ఆపకు."